తొట్టి మూత మీది కప్ప

రెండేళ్ల కిందట, మే పద్నాలుగో తేదీ, మంగళవారం. ఆ పొద్దున ఇద్దరూ ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ తిన్నారు. చివరికి నాలుగు బజ్జీలు మిగిలితే పంకజాక్షి మూడింటిని భర్త పళ్లెంలోకి తోసి, ఒకటి తాను తీసుకుంది. రాజగోపాలయ్యకు తేదీ గుర్తుండిపోవడానికి కారణం బజ్జీలు కాదు. ఆ మధ్యాహ్నమే ఆమె బళ్లారి గుజరీ అంగడిలో ఒక రేకు కొని, బస్సులో ఒళ్లో పెట్టుకొని తెక్కలకోటకు మోసుకొచ్చింది.

గుజరీ అంగడంటే పాత ఇనుము దొరికే చోటు. ఉక్కు కొలుముల కోసం పరదేశాల నుంచి ఓడల్లో వచ్చే తుక్కులో, కరిగిపోకుండా తప్పించుకున్న ముక్కలు కొన్ని అక్కడికి చేరతాయి. పంకజాక్షి తెచ్చింది అట్లాంటిదే. మూడు మూలల మందపాటి రేకు, చుట్టూ ఎర్ర అంచు, తెల్లటి మధ్యభాగంలో నల్లటి కప్ప. కింద రెండు రివెట్లతో బిగించిన చిన్న పలక మీద ‘19 – 6’ అని అంకెలు. వాటి పక్కన ఏదో అక్షరం ఉండేది గానీ దాన్ని తుప్పు తినేసింది. పెరట్లో నేలతొట్టికి మూత లేక, వానాకాలం వస్తే కప్పలు అందులో పడుతున్నాయని ఆమె బాధ. కప్ప బొమ్మ ఉన్న మూతే దొరికిందని ఆమె సంబరం.

“ఏమండీ, ఇది ఏం బోర్డు?” అని అడిగింది.

హగరి వ్యవసాయ కేంద్రంలో ముప్పై రెండేళ్లు గ్రంథాలయం చూసుకున్న మనిషికి తెలియదనే మాట నోటికి రాదు. రోడ్డు పక్కన పెట్టే బోర్డని పోల్చుకున్నాడు. కప్పకూ రోడ్డుకూ ఏం సంబంధమో మాత్రం అంతుబట్టలేదు. “పరదేశంలో రోడ్డు పక్క హోటలుది. అక్కడ కప్పల్ని తింటారు” అనేశాడు.

ఆమె మొహం చిన్నబోయింది. రేకును తొట్టి మీద బోర్లించింది. బొమ్మ కింది వైపుకు పోయింది కదా అంటే, “కనీసం నీళ్లన్నా చూస్తా ఉంటుంది పాపం” అంది. చేతులు కొంగుకు తుడుచుకొని, “నిజంగానా?” అని మళ్లీ అడిగింది.

“చూసి చెప్తాలే” అన్నాడు రాజగోపాలయ్య.

చూడలేదు. మూత వచ్చాక కూడా ఆ వానాకాలంలో ఏదో ఒక సందు వెతుక్కొని కప్పలు తొట్టిలో పడుతూనే వచ్చాయి. ఆమె పచ్చ ప్లాస్టిక్ మగ్గుతో ఒక్కొక్కదాన్నే ఎత్తి, పెరటి తలుపు తీసి, బయటి గుంట వైపు వదిలేది. రేపు మళ్లీ వస్తుందని ఆయన వెక్కిరిస్తే, వస్తే మళ్లీ పంపిద్దామనేది. కార్తీకంలో మూడు రోజుల జ్వరంతో ఆమే వెళ్లిపోయింది. మగ్గు గోడ మేకుకు వేలాడుతూ ఉండిపోయింది. చూసి చెప్తాలే అన్న మాట కూడా ఇంట్లోనే ఎక్కడో వేలాడుతూ ఉండిపోయింది.

రెండేళ్లు గడిచాయి. ఈ జూన్ పన్నెండున, శుక్రవారం పొద్దున, రాజగోపాలయ్య ఒక చిన్న పని తలపెట్టాడు. మృగశిర కార్తెలో తొట్టి కడగడం పంకజాక్షి పద్ధతి. ఆమె పోయాక ఆయన మూతను పక్కకు జరిపి నీళ్లు తోడుకోవడమే తప్ప పూర్తిగా ఎత్తలేదు. ఆ రోజు ఎత్తాలి, పాచి రుద్దాలి, పది గంటలకల్లా ముగించి అన్నం వండుకోవాలి. ఇంతే.

మూత ఎత్తి కడిగాడు. రెండేళ్లు నీళ్లను చూసిన కప్ప నిగనిగలాడింది. ఎండలో ఆరనిద్దామని వీధిలోకి తెచ్చి, ఇంటి ముందు రోడ్డు మలుపులో ఉన్న కరెంటు స్తంభానికి ఆనించి, గాలికి పడకుండా ఒక తాడు చుట్టాడు. లోపలికి పోయి తొట్టిలోకి దిగాడు. చీపురు నాలుగుసార్లు ఆడించాడో లేదో, వీధిలో బస్సు బ్రేకు కీచుమంది.

బయటికొస్తే సిరుగుప్ప బస్సు మలుపులో నిలబడి ఉంది. డ్రైవరు యల్లేష్ కిందికి దిగి బోర్డు ముందు చేతులు కట్టుకొని చూస్తున్నాడు. ముప్పై మంది ప్రయాణికులు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి కప్పను చూస్తున్నారు.

“ఇదేంది సార్? నిన్న లేకుండె.”

“తొట్టి మూత యల్లేషప్పా. ఆరబెట్టినా.”

యల్లేష్ నమ్మలేదు. “తొట్టి మూతకు ఎర్ర అంచు యాడన్నా ఉంటదా సార్? లైసెన్సు ఇచ్చేటప్పుడే చెప్పినారు, మూడు మూలలూ ఎర్ర అంచూ ఉంటే హుషారుగా, చూసుకొని పోవాలని. ఇది రోడ్డు బోర్డే. అర్థమేందో చెప్పండి, పోతా.”

తెలియదని ఒక్కమాట అనేస్తే ఆ కథ అక్కడే ముగిసేది. రాజగోపాలయ్య చీపురును ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకొని, “చూసి చెప్తా” అన్నాడు. అప్పటిదాకా మూతను లోపల పెట్టేస్తానంటే యల్లేష్ కంగారుపడ్డాడు. రోడ్డు బోర్డు పీకితే కేసవుతుందట. తన సర్వీసులో ఇంతవరకు ఒక్క మెమో కూడా లేదట. కాబట్టి సార్ చూసి చెప్పేదాకా తాను రోజూ ఇక్కడ బస్సు నిలిపి, ఒక నిమిషం చూసుకొనే పోతాడు.

మాట మీద నిలబడే మనిషి యల్లేష్. తాను నిలపడమే కాక తోటి డ్రైవర్లకూ చెప్పాడు. మధ్యాహ్నం బళ్లారి బస్సు నిలిచింది. సాయంత్రం ఆదోని వైపు పోయేదీ నిలిచింది. బస్సు నిలిచే చోటును కనిపెట్టడానికి జనానికి ఎంతోసేపు పట్టదు. మర్నాటికి కప్ప పక్కన ఏడుగురు సంచులతో నిలబడి ఉన్నారు. అసలు బస్టాండు అర మైలు దూరం. ఒక ముసలాయన రాజగోపాలయ్యకు దండం పెట్టి, ఈ పుణ్యం ఊరికే పోదు సామీ అన్నాడు. ఆయన తిరిగి దండం పెట్టాడు. ఏం చెయ్యాలో తోచలేదు.

ఆదివారం పొద్దున మూతను ఎట్లాగైనా తెచ్చేసుకుందామని బయటికి వచ్చేసరికి, ఎదురు వరస గుడిసె భీమక్క అక్కడుంది. కూలికి పోయే మనిషి. బిందెతో బోర్డు మీద నీళ్లు పోస్తోంది.

వానలు పట్టకపోతే ఆ ప్రాంతంలో ఆడవాళ్లు రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇల్లిల్లూ తిప్పుతారు. ప్రతి ఇంటివాళ్లూ ఆ కప్పతల్లి మీద చెంబెడు నీళ్లు పోస్తారు. కప్ప ఒళ్లు తడిస్తే మేఘానికి జాలి పుడుతుందని నమ్మకం. ఈ ఏడు కార్తె సగం దాటినా చినుకు లేదు. కట్టడానికి కప్పా లేదు. గుంటలు ఎండి, ఉన్నవన్నీ మట్టిలోకి దిగిపోయాయి.

“మూడు దినాల నుంచి ఎతుకుతాండాం సామీ. ఒక్కటీ కండ్లబడలేదు. మీ ఇంటి ముందరే కూచోనుండె” అంది భీమక్క. కప్ప మీది దుమ్మును కొంగుతో తుడిచింది. పసిబిడ్డ మూతి తుడిచినంత మెత్తగా తుడిచింది. “దీనికైతే నొప్పి ల్యాదు. రోకలికి కట్టితే పాపం ఉసురుమంటది.”

తడిసిన కప్ప, పంకజాక్షి బస్సు దిగి చూపించినప్పుడు ఎట్లా మెరిసిందో అట్లాగే మెరిసింది. రాజగోపాలయ్య తాడు మీద వేసిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. లోపలికి పోయి తానూ ఒక చెంబు నీళ్లు తెచ్చి పోశాడు. అడిగితే ఎందుకో చెప్పలేకపోయేవాడు.

సోమవారానికి బోర్డుకు వేపమండలు వచ్చాయి. మంగళవారానికి పసుపు, కుంకుమ. స్తంభం చుట్టూ ఎంత బురదైందంటే, బస్సు కోసం నిలబడ్డవాళ్లు చెప్పులు చేత్తో పట్టుకొని ఎక్కుతున్నారు. అసలు ముప్పు బుధవారం వచ్చింది. ఊరి చివర మూడెకరాల మెట్ట చేను ఉన్న హనుమేష్, బొమ్మకు దండం పెట్టుకొని తల వంచేసరికి కింది పలక కనిపించింది. పందొమ్మిది, ఆరు. గట్టిగా చదివాడు. చుట్టూ ఉన్నవాళ్లు వేళ్లు లెక్కపెట్టారు. ఆరో నెల పందొమ్మిదో తేదీ. అంటే శుక్రవారమే. బోర్డు మీద కప్ప, కింద తేదీ. ఇంకా ఏం చెప్పాలి?

హనుమేష్ నేరుగా రాజగోపాలయ్య దగ్గరికి వచ్చాడు. సంతోషంతో అరుగు మీద కూర్చోను కూడా లేదు.

“దుక్కి తయారుగా ఉండాది సార్. రేపు పొద్దున సజ్జలు ఏసేస్తా. ఎల్లుండి వాన పడితే సరిగ్గా అందుతాది.”

రాజగోపాలయ్య అరుగు మీంచి లేచి నిలబడ్డాడు. హగరిలో పుస్తకాలు సర్దుతూ ఆయన నేర్చుకున్నది ఒకటుంటే అది ఇదే. పొడి దుక్కిలో వేసిన విత్తనాన్ని చీమలూ పిట్టలూ ముందుగా చూసుకుంటాయి. హనుమేష్ దగ్గర రెండోసారి వెయ్యడానికి విత్తనం లేదని ఊరందరికీ తెలుసు.

“అది తేదీ కాదేమో హనుమేషప్పా. రెండు దినాలు ఆగు.”

“తేదీ కాకుంటే ఏంది సార్?”

రాజగోపాలయ్య నోరు తెరిచాడు. చూసి చెప్తా అనబోయి, ఆ మాట మూడో మనిషితో అంటున్నానని గుర్తొచ్చి ఆగాడు. ఆయన మౌనాన్ని హనుమేష్ ఒప్పుకోలుగా తీసుకొని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం రాజగోపాలయ్య అటక మీది పాత పుస్తకాలన్నీ దించాడు. వరి తెగుళ్ల మీద ఏడు పుస్తకాలు, కప్పల మీద ఒక్కటీ లేదు. చేతి ఫోనుకు కప్పను చూపిస్తే అది పిల్లల రబ్బరు కప్పలు ఎక్కడ కొనాలో చెప్పింది. ఇక గతిలేక పంకజాక్షి చెల్లెలి కూతురు ప్రతిభకు ఫొటో పంపాడు. ఆ అమ్మాయి కుడతినిలో కరెంటు ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఏదో యంత్రం బాగుచెయ్యడానికి జర్మనీ నుంచి ఒక పెద్దాయన వచ్చి ఉన్నాడు, అడిగి చెప్తానంది.

గురువారం పొద్దున హనుమేష్ సజ్జలు వేసేశాడు. సాయంత్రం ప్రతిభ ఫోను చేసింది.

“ఫొటో చూస్తానే నవ్వినాడు పెదనాన్నా. వాళ్ల ఊరి రోడ్డులో ఇట్లాంటిదే ఉండాదంట. చలి పోయి మొదటి వాన పడిన రాత్రి కప్పలన్నీ అడవిలో నుంచి బయల్దేరతాయంట. యాడ పుట్టినాయో ఆ గుంటకే తిరిగి పోతాయంట, ఇంకో గుంట పక్కనే ఉన్నా దిగవంట. మధ్యలో రోడ్డు అడ్డం. అందుకే రాత్రి ఏడు నుంచి పొద్దున ఆరు దాకా బండ్లు మెల్లగా పోవాలని ఆ బోర్డు.”

“పందొమ్మిది అంటే రాత్రి ఏడా?”

“వాళ్లు గంటలు అట్లే లెక్కపెడతారు. రైలు టైము మాదిరి. ఇంకోటి చెప్పినాడు. చిన్నప్పుడు వాళ్లమ్మతో పోయి, కప్పల్ని బకెట్లో ఎత్తి రోడ్డు దాటించి వస్తాండెనంట. మా పెద్దమ్మ కూడా మగ్గుతో అట్లే చేస్తాండె అంటే, ఆమెకు నమస్కారం చెప్పమన్నాడు. నేను సరే అన్నా.”

రాజగోపాలయ్య ఫోను పెట్టేసి గోడ మేకు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఎక్కడో ఒక దేశం, కప్ప ఇంటికి పోవాలని రోడ్డు మీద ఇనుప బోర్డు పాతి పెట్టుకుంది. దాన్ని ఆయన హోటలు చేశాడు. ఆమె అది నమ్మి, ఆ కప్పకు నీళ్లు చూపించింది. ఒక్క ఫోను చేస్తే తెలిసే సంగతి. ఆమె ఉండగా చేసి ఉంటే, ఆ నమస్కారం ఆమెకే అందేది.

శుక్రవారం వచ్చింది. ఆకాశంలో పత్తిపింజెంత మబ్బు కూడా లేదు. పొద్దున నుంచీ జనం బోర్డు చుట్టూ కూర్చున్నారు. పది గంటలకు రాజగోపాలయ్య వాళ్ల మధ్యకు వెళ్లి, ప్రతిభ చెప్పిందంతా ఒక్క ముక్క వదలకుండా చెప్పాడు. అడవి, గుంట, ఏడు గంటలు, బకెట్లు అన్నీ చెప్పాడు. అందరూ మర్యాదగా విన్నారు.

“కప్ప కోసం బండి నిలుపుతారా సార్?” అన్నాడు హనుమేష్ చివరికి. “మన దగ్గర మనిషి చెయ్యి అడ్డం పెట్టినా నిలపరు.”

ఒక్కసారిగా నవ్వులు లేచాయి. సార్‌కు ఒంటరితనం ఎక్కువైందని ఒకరు, వేళకు తింటున్నాడో లేదో అని ఇంకొకరు అనుకోవడం ఆయనకు వినిపించింది. భీమక్క ఒక్కతే నవ్వలేదు. “ఈ ఇంటి అమ్మ కూడా అట్లే సాగనంపుతాండె గదా” అని తనలో తాను అనుకున్నట్టు అంది.

సాయంత్రం ఆరయింది, ఏడయింది. చినుకు లేదు. జనం ఒక్కొక్కరే లేచిపోయారు. హనుమేష్ తాడు విప్పి, వేపమండలు తీసేసి, బోర్డును తెచ్చి అరుగు మీద పెట్టాడు. కోపంగా పెట్టి ఉంటే రాజగోపాలయ్యకు కొంత తేలికగా ఉండేది. నెమ్మదిగా పెట్టాడు.

“మీ మూత మీకే సార్. మొదటి దినమే తెలీదని అనింటే అయిపోతుండె గదా” అని, ఎండిన చేను వైపు నడిచిపోయాడు.

రాజగోపాలయ్య మూతను తొట్టి మీద బోర్లించాడు. ఆ రోజు అన్నం వండుకోలేదు. ఎవరో తలుపు దగ్గర గిన్నెలో రెండు జొన్నరొట్టెలు, గుంటగల్జేరాకు పప్పు పెట్టి పోయారు. గిన్నె భీమక్కది.

శనివారం మధ్యాహ్నం మూడింటికి గాలి దిక్కు మారింది. ఐదింటికి ఆదోని వైపు ఆకాశం నల్లబడింది. ఆరున్నరకు మొదటి చినుకు వాకిట్లో దుమ్ము మీద పడి గుండ్రంగా గుంట చేసింది. తర్వాత చినుకుల మధ్య సందు లేకుండా పోయింది. రాజగోపాలయ్య గడప మీద నిలబడి, ముందుగా హనుమేష్ సజ్జలను తలుచుకున్నాడు. రెండు దినాల్లో చీమలు మూడెకరాలూ ఖాళీ చెయ్యలేవులే అని ఊపిరి పీల్చుకున్నాడు.

ఏడు కావస్తుండగా, రోడ్డుకు అవతల చేనులోంచి ఒక కప్ప అరిచింది. దానికి ఇంకొకటి బదులిచ్చింది. ఆయన టార్చి వేసి చూశాడు. మట్టి పగుళ్లలోంచి అవి పైకి వస్తున్నాయి. బురద మూతులతో, వాచిన కళ్లతో, నెలల నిద్ర చెడిన విసుగుతో, పదులకొద్దీ రోడ్డెక్కుతున్నాయి. రోడ్డుకు ఇవతల, ఇంటి వెనకాల, గుంట నిండుతోంది. మధ్యలో రోడ్డు. ఏడుంపావుకు సిరుగుప్ప నుంచి యల్లేష్ బస్సు.

రాజగోపాలయ్య పెరట్లోకి పరుగెత్తాడు. ఆ వయసులో దాన్ని పరుగనే అనాలి. మూత ఎత్తాడు. మేకు నుంచి మగ్గు తీసుకున్నాడు. వీధిలోకి వచ్చి బోర్డును స్తంభానికి కట్టి, దాని మీదికి టార్చి వెలుగు తిప్పి, గొడుగు లేకుండా నిలబడ్డాడు.

మలుపులో బస్సు దీపాలు కనిపించాయి. వానలో ఎర్ర అంచు మెరిసింది. బస్సు నిలిచింది. యల్లేష్ కిటికీలోంచి తల బయటపెట్టి, ముందు బోర్డును చూశాడు, తర్వాత రోడ్డును చూశాడు. దీపాల వెలుగులో వందకు పైగా కప్పలు, దేని తొందరలో అది, రోడ్డు దాటుతున్నాయి.

యల్లేష్ ఇంజను ఆపేశాడు. లోపల ఎవరో విసుగ్గా, “ఏనాయ్తప్పా, ఎందుకు నిలిపితివి?” అని కన్నడం కలిపి అరిచారు.

“బోర్డు ఉండాది, కనబడలేదా?” అన్నాడు యల్లేష్.

రాజగోపాలయ్య వెనకబడిన కప్పల్ని మగ్గుతో ఎత్తి ఇవతల గట్టున దించాడు. భీమక్క గంప పట్టుకొని వచ్చి, ఏమీ అడగకుండా పక్కన వంగింది. పది నిమిషాలు బస్సు కదల్లేదు. ఆ బస్సులోంచే హనుమేష్ దిగాడు. నిలువునా తడుస్తూ, చేను వైపు చూసి, ఆకాశం వైపు చూసి, బోర్డు వైపు చూశాడు. అతనికి లెక్క తేలిపోయింది.

“పరదేశం గడియారం మనకంటే వెనక గదా సార్. వాళ్లకు ఇంకా పందొమ్మిదో తేదీనే ఉంటాది. బోర్డు తప్పు చెప్పలేదు. అంతే గదా?”

జర్మనీకీ మనకూ మూడున్నర గంటలే తేడా. ఆ సంగతి రాజగోపాలయ్యకు బాగా తెలుసు. మగ్గులో కప్ప తల పైకెత్తి చూస్తోంది.

“తెలీదప్పా” అన్నాడు. ఆ మాట అనడం ఇంత సుఖంగా ఉంటుందని ఆయన అనుకోలేదు.

ఎనిమిదిన్నరకు వాన తగ్గింది. బోర్డును స్తంభం దగ్గరే వదిలేసి ఇంట్లోకి వచ్చి, తల తుడుచుకొని, పెరట్లో దీపం వేశాడు. మూత లేని తొట్టిలో ఒక కప్ప చుట్టూ ఈదుతూ గోడ తడుముకుంటోంది. వంగి, పచ్చ మగ్గును దాని కిందికి మెల్లగా పోనిచ్చి పైకెత్తాడు.

“పంకజా, చూసినా” అన్నాడు. “అది హోటలు కాదు.”

పెరటి తలుపు తీశాడు. గుంట నిండి, ఊరంతా వినబడేలా అరుస్తోంది. మగ్గు వంచితే కప్ప మెట్టు మీదికి దిగి, ఎటూ కదలకుండా కూర్చుంది. ఆయన కాసేపు దానితో పాటే నిలబడ్డాడు.

“తెల్లారి ఆరు దాకా టైముంది, నిదానంగా పో” అని దానికి చెప్పి, రెక్క చప్పుడు కాకుండా తలుపు వేశాడు.